పులిగోరు బదులు వెండి బిళ్ల

నాణెం గీత గీసింది. నాకు మొదట భయం పుట్టింది అక్కడే.

మధ్యాహ్నం దాటి కాసేపయింది. వంటింటి బల్ల మీద మా అమ్మాయి తెల్లకాగితాలు పరుచుకుని కూర్చుంది. తమ్ముడి మెడలోంచి నల్లతాడు తీసి, దానికి వేలాడే వెండి బిళ్లని కాగితం కింద పెట్టి, పైనుంచి పెన్సిల్‌తో రుద్దడం ఆ వేసవి సెలవుల్లో దాని ఆట. రుద్దిన కొద్దీ బిళ్ల మీది బొమ్మ కాగితం మీదికి తేలేది. ఒక పసివాడు మోకాలు నేలకి ఆన్చి, రెండు చేతులతో రెండు పాముల్ని మెడలు పట్టుకుని నులుముతున్న బొమ్మ. నేను సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్నాను. రెండేళ్లు దాటిన మావాడు నా కాళ్ల దగ్గర చాప మీద బోర్లా పడుకుని ఉన్నాడు. ఆడుకోవడం లేదు, ఏడవడం లేదు. ఊరికే ఉన్నాడు.

"అమ్మా, లుక్! ఇది పెన్సిల్ లేకుండానే రాస్తోంది" అంది అమ్మాయి.

చేతులు తుడుచుకుంటూ వెళ్లి చూశాను. బిళ్ల అంచుని రెండు వేళ్లతో పట్టుకుని కాగితం మీద లాగుతోంది. లాగిన చోటల్లా మెత్తటి బూడిదరంగు గీత పడుతోంది. నా కళ్ల ముందే పిల్లిని గీసింది, మీసాలతో సహా.

వెండి కాగితం మీద అలా రాయదు. గుంటూరులో నేను బి.ఎస్సీ. చదివేటప్పుడు మా కెమిస్ట్రీ మాస్టారు ఒకసారి రకరకాల లోహపు ముక్కలు తెల్లకాగితం మీద గీసి చూపించారు. ఇనుము కాగితాన్ని చింపింది. రాగి, వెండి జారిపోయాయి. ఒక్క సీసం మాత్రం పెన్సిల్లా రాసింది. ఆ ముక్క ముట్టుకున్న వాళ్లందరి చేత సబ్బుతో చేతులు కడిగించి గానీ ఆయన మమ్మల్ని ల్యాబులోంచి బయటికి పంపలేదు.

అమ్మాయి చేతిలోంచి బిళ్ల లాక్కున్నాను. ఎందుకని అది అడిగేలోపే సింకు దగ్గరికి ఈడ్చుకెళ్లి చేతులు తోమడం మొదలుపెట్టాను.

"అమ్మా, వాటర్ హాట్! టూ హాట్! నేనేం చేశాను?"

నేను చాప మీద ఉన్నవాణ్ని చూస్తున్నాను. ఐదారు నెలలుగా వాడు ఆ బిళ్లని చప్పరిస్తూనే ఉన్నాడు.

అది మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. అప్పుడు మేం అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. మావారు కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీ ల్యాబులో పనిచేసేవారు. ప్రతి శుక్రవారం ఎవరో ఒకరి ఉద్యోగం పోయి బల్ల ఖాళీ అవుతున్న రోజులు. ఇంట్లో రేడియో పెడితే ఆ వార్తలే. ఆయన సాయంత్రం కారు గరాజ్‌లో పెట్టి లోపలికి వచ్చేదాకా నాకు ఊపిరాడేది కాదు. పిల్లలకి తుమ్మొచ్చినా నేను డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేసేదాన్ని. అక్కడ ఫోనెత్తే అమ్మాయి నా గొంతు వినగానే నిట్టూర్చడం నాకు వినబడేది.

పక్కింట్లో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవారు. హైస్కూల్లో లాటిన్ చెప్పి రిటైరైన అమెరికన్. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయనకున్నవల్లా ప్రాచీన గ్రీకు నాణేలు. ఆకుపచ్చ బట్ట పరిచిన చెక్క ట్రేలలో, ఒక్కొక్కటీ ఒక్కో గుంటలో ఉండేవి. మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి పాలు తాగి నేరుగా ఆయన దగ్గరికి పరిగెత్తేది. ఆయనకి 'కాయిన్ తాత' అని పేరు పెట్టింది. తాత అంటే ఏమిటో నేను చెప్పినప్పుడు ఆయన, తన ఉత్తరాల పెట్టె మీద ఆ మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాయించుకుంటానని నవ్వారు.

నాణెమంటే మనకి రాజు తలో, మూడు సింహాలో. ఆయన నాణేల మీద కథలుండేవి. బొటనవేలి గోరంత చోట్లో, రెండువేల ఏళ్ల నాటి చేతులు చెక్కిన కథలు. ఎద్దు రూపంలో వచ్చిన దేవుడు ఎత్తుకుపోయిన అమ్మాయి, చెట్టు కొమ్మ మీద చెక్కిట చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఒక వీరుడు సింహాన్ని చంకలో ఇరికించి ఊపిరాడకుండా నొక్కుతుంటాడు. సింహం వీపులోంచి మేక తల మొలిచిన మృగం ఒకటి. డాల్ఫిన్ మీద ఎక్కి సముద్రంలో పోతున్న కుర్రవాడు. పెద్దాయన భూతద్దం అమ్మాయి చేతికిచ్చి ఇంగ్లీషులో చెబితే, ఒళ్లో పిల్లవాణ్ని పెట్టుకుని పక్కన కూర్చున్న నాకు అది తెలుగులో మళ్లీ చెప్పేది, సగం తప్పులతో.

అందులో రెండు కంచు నాణేలు నాకిష్టం. రెండూ అరుదైనవని, మ్యూజియంలలో కూడా వెతుక్కోవాలని ఆయన అనేవారు. ఒకదాని మీద ఒక తల్లి చెరో చేత్తో ఇద్దరు కవలల్ని ఎత్తుకుని, తల వెనక్కి తిప్పి చూస్తూ పరిగెడుతుంటుంది. వెనకాల వచ్చేది కొండచిలువ అని ఆయన చెప్పారు గానీ నాణెం మీద అది అరిగిపోయింది. దేన్ని చూసి పరిగెడుతోందో కనబడదు, పరుగే కనబడుతుంది. రెండోదాని మీద ఒక తల్లి ఒళ్లో పసివాడు, చుట్టూ ముగ్గురు సైనికులు డాళ్ల మీద కత్తులతో కొడుతుంటారు. పుట్టిన పిల్లల్ని పుట్టినట్టు మింగేసే తండ్రికి బిడ్డ ఏడుపు వినబడకుండా ఆ చప్పుడట.

"వీళ్ల దేవుళ్లకి పిల్లల్ని పెంచడం రాదు" అన్నాను ఒకసారి ఇంటికొచ్చి.

"మనవాళ్లకి వచ్చా? పుట్టీ పుట్టగానే అర్ధరాత్రి బుట్టలో పెట్టి నది దాటించలేదూ" అన్నారు మావారు పేపర్లోంచి తల ఎత్తకుండా.

నాణేల మధ్య ఒకటి, గుడ్లగూబ బొమ్మ ఉన్నది, నడినెత్తిన లోతుగా ఉలిదెబ్బతో ఉండేది. పాతకాలం వర్తకులు పైన వెండి, లోపల వేరే లోహం ఉందేమోనని ఇలా నరికి చూసుకునేవారట. "నేనైతే ఏ నాణేన్నీ ఇలా చెయ్యలేను. దీని మొహం మీద కత్తి పెట్టాలంటే చెయ్యి రాదు" అన్నారు పెద్దాయన, దాని గాయాన్ని బొటనవేలితో తడుముతూ.

మావాడి రెండో పుట్టినరోజు చలికాలంలో వచ్చింది. మా వైపు మగపిల్లవాడి మెడలో పులిగోరు కట్టడం అలవాటు. పీడకలలు రావని, జడుసుకోడని. మా అన్నయ్యలకి కట్టారు, మావారికీ కట్టారు. ఆయన పసిప్పటి ఫోటోలో అది నాభి దాకా వేలాడుతూ ఉంటుంది.

"ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లకి ఏమని చెప్పి తెప్పిస్తావ్? పులి తనంతట తను ఇచ్చిందనా?" అని వేళాకోళం చేశారు ఆయన.

ఆ మాట పెద్దాయనకి నవ్వుతూ చెప్పాను. మర్నాడు ఆయన చిన్న దూదిపెట్టెలో ఈ బిళ్ల తెచ్చారు. పాముల్ని నులుముతున్న పసివాడు హెరాక్లీస్. ఉయ్యాల్లో ఉండగానే సవతితల్లి పంపిన పాముల్ని చంపినవాడు. ఈ బొమ్మ ఉన్న వెండి నాణేలు చాలా అరుదట, తనలాంటి వాడికి అందేవి కావట. దీనికి పైన చిల్లు ఉంది కాబట్టి సేకరించేవాళ్లెవరూ ముట్టుకోలేదు, అందుకే తనకి దొరికిందట. ఆ చిల్లుని ఆయన వెలుతురుకేసి పట్టి చూపించి అన్నారు: "ఎప్పుడో ఒక తల్లి బిడ్డ మెడలో కట్టడానికే వేసి ఉంటుంది. ఆవిడకీ మీలాగే పులిగోరు దొరకలేదేమో."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కాళీయుడి పడగల మీద కృష్ణుణ్ని చూసి పెరిగినదాన్ని. పాముల మధ్య పసివాడి బొమ్మ మెడలో వేస్తే తప్పేముంది అనిపించింది. నల్లతాడు ఎక్కించి ఆ రోజే కట్టాను.

పళ్లొస్తున్న పిల్లవాడు. బిళ్ల నోట్లోకి పోయేది. వాడు ఇంకేం నోట్లో పెట్టుకున్నా నేను ఊరుకునేదాన్ని కాదు. ప్లాస్టిక్ బొమ్మలు రోజూ మరిగిన నీళ్లలో వేసి తీసేదాన్ని. లైబ్రరీ పుస్తకాల అట్టలు తుడిచేదాన్ని. కిటికీ చట్రాల రంగు పిల్లలు గిల్లి తింటారని ఎక్కడో చదివి, చట్రాల దగ్గరికి కుర్చీ జరగకుండా చూసుకునేదాన్ని. కానీ వెండి వేరు. మన ఇళ్లలో పిల్లలకి ఉగ్గు వెండి గిన్నెలో, వెండి చెంచాతో పెడతాం. వెండి చలవ అంటాం. అన్నప్రాసన నాడు వెండి చెంచా కొరికితే చూసి మురుస్తాం. అందుకే బిళ్ల చప్పరిస్తుంటే నేను తీసేదాన్ని కాదు. పైగా నల్లబడినప్పుడల్లా దేవుడి కుందులతో పాటు దాన్ని కూడా చింతపండుతో తోమి, కడిగి, మళ్లీ మెడలో వేసేదాన్ని. కుందులు మెరిసేవి. అది మాత్రం వారం వారం ఇంకాస్త మసకబారేది. పాతది కదా అనుకున్నాను.

వసంతం వచ్చేసరికి వాడు అన్నం తినడం తగ్గించాడు. కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకునేవాడు. రోజుల తరబడి విరేచనమయ్యేది కాదు. డాక్టర్ కడుపు నొక్కి చూసి, పండ్లరసం ఎక్కువ తాగించమన్నాడు. తర్వాత మాటలు పోయాయి. వాడికి అప్పటికి చాలా మాటలు వచ్చు. పాలు, బువ్వ, కారు, చందమామని 'చందు' అనేవాడు. పక్కింటాయన్ని 'తాత' అనేవాడు, అమెరికా యాస లేకుండా, చక్కగా. ఒక్కొక్కటీ అనడం మానేశాడు. నేను ముందు పట్టించుకోలేదు. ఒకరోజు పాలగ్లాసు చూపించి ఏమిటని అడిగితే నా మొహంలోకి చూసి ఊరుకున్నాడు. చివరిదాకా మిగిలింది 'అక్క'. జూన్‌లో అదీ పోయింది.

"మగపిల్లలకి మాటలు లేటండీ అంటారు అందరూ" అన్నాను డాక్టర్‌తో. "కానీ వచ్చిన మాటలు ఎలా పోతాయి?"

రెండు భాషల మధ్య తికమక పడుతున్నాడని, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని చెప్పాడు. ఆ సలహా ఇచ్చాక, చీటీ మీద ఏదో రాసుకుంటూ, నేను సరిగ్గా నిద్రపోతున్నానా అని నన్ను అడిగాడు. నెల రోజులు వాడితో ఇంగ్లీషులో మాట్లాడాను. లాలి కూడా పాడలేదు. ఇది రాస్తూ రాస్తూ ఇప్పుడే లేచి వెళ్లి, పక్కగదిలో వాడి ఊపిరి విని వచ్చి కూర్చున్నాను. ఆ నెల తలుచుకుంటే ఇప్పటికీ అలా లేవాలనిపిస్తుంది.

ఆ మధ్యాహ్నం బిళ్లని ప్లాస్టిక్ సంచిలో వేసి ముడివేసి, మావారి ఆఫీసుకి ఫోన్ చేశాను.

"వాడి మెడలో బిళ్ల సీసమండీ."

"ఎవరు చెప్పారు?"

"కాగితం మీద రాస్తోంది. పాప పిల్లిబొమ్మ వేసింది దాంతో."

అటువైపు వెనకాల ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు వచ్చింది.

"వాడి నోట్లో ఉందా ఇప్పుడు?"

"లేదు. తీసేశాను."

"నువ్వు కంగారు పడకు. నేను డ్రైవ్ చేసుకుని వచ్చేస్తున్నా."

"కంగారు నేను పడతాను, మీరు రండి" అన్నాను.

ఆయన వచ్చి మాట్లాడకుండా కూరగాయల కత్తి తీసి, బిళ్లని పేపర్ మీద పెట్టి నొక్కారు. పాతబెల్లం ముక్కలో దిగినట్టు దిగింది. పాముల్ని పట్టిన పసివాడు నడుం దగ్గర రెండయ్యాడు. లోపల తెగినచోట సీసం ఒక్కక్షణం తళుక్కుమంది. పైన వెండి పూత ఉల్లిపొరంత కూడా లేదు. చాలాచోట్ల అదీ అరిగిపోయి ఉంది. ఎవరి నోట్లో అరిగిందో ఇద్దరం చెప్పుకోలేదు.

"ఇది ప్రాచీనం కాదు, ఏమీ కాదు" అన్నారు ఆయన. "ఎవడో గరాజ్‌లో పోత పోశాడు. చిల్లు కూడా వాడే పెట్టాడు. చిల్లుంటే చవగ్గా ఎందుకు అమ్ముతున్నావని ఎవరూ అడగరు కదా."

రెండు వీధుల అవతల బాపట్ల నుంచి వచ్చిన ఆంటీ ఉండేవారు. నర్సుగా చేసేవారు, ఆదివారాలు తెలుగు చర్చిలో పాటలు పాడేవారు. నేను ఫోన్ చేస్తే ఆవిడే కారేసుకుని వచ్చి అమ్మాయిని తీసుకెళ్లారు. "పాప సంగతి నాకొదిలెయ్యమ్మా. తింటదో తినదో నేను చూసుకుంటాలే. నువ్వు బిడ్డని తీసుకుని పో. డాక్టర్ ఆఫీస్ కాదు, తిన్నగా ఎమర్జెన్సీకి పో" అన్నారు. వెళ్తూ వెళ్తూ వాడి తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ఏదో అనుకున్నారు. మావారు గేటు దగ్గర నిలబడ్డ పెద్దాయనతో రెండు ముక్కలు మాట్లాడటం కారులోంచి చూశాను. పెద్దాయన చెయ్యి గేటు మీద అలాగే ఉండిపోయింది.

ఆసుపత్రిలో ముందు అందరి చూపూ వాడి కాటుక మీద పడింది. చిన్న డాక్టర్ ఒకడు దూదితో తుడిచి గాజుపలక మీద పెట్టుకున్నాడు. మీ దేశంలో దీంట్లో సీసం కలుపుతారు అన్నాడు. మేం ఆముదపు మసితో ఇంట్లోనే పడతాం, సీసం ఇది అని, సంచిలోంచి రెండు ముక్కల బిళ్ల తీసి బల్ల మీద పెట్టాను. పిల్లవాడి మెడలో తాడా అని నర్సు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. గొంతుకి బిగుసుకుంటుందని వాళ్ల లెక్కలో తాడే ముందు తప్పు.

ఎక్స్‌రే తీసి దీపం మీద పెట్టి చూపించారు. పొట్టలో అక్కడక్కడ తెల్లటి చుక్కలు, ఆవాలు చల్లినట్టు. వాడు కొరికి మింగినవి. మోకాలి దగ్గర ఎముకల చివర్లలో తెల్లటి పట్టీలు. పెద్ద డాక్టరమ్మ ఆ పట్టీలని పెన్నుతో చూపించి, ఇది నిన్నా మొన్నటిది కాదు, నెలలది అంది. రక్తం ఫలితం వచ్చేదాకా ఆగకుండా మందు మొదలుపెడతామంది. అది కండలోకి ఇచ్చే ఇంజెక్షన్. కొన్ని రోజుల పాటు, రాత్రీ పగలూ, కొన్ని గంటలకొకటి.

"మాటలు తిరిగి వస్తాయా?" అని అడిగాను.

ఆవిడ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. అలా కూర్చుంటే మంచి మాట కాదని నాకు అర్థమైంది. "రక్తంలో ఉన్నది మేం తీయగలం. మెదడుకి ఏం జరిగిందో ఇప్పుడు చెప్పలేం. చూస్తూ ఉండాలి."

"ఎన్నాళ్లు?"

"బడికి వెళ్లే దాకా. ఆ తర్వాత కూడా."

మొదటి ఇంజెక్షన్‌కి తొడ పట్టుకోమన్నారు. వాడి కాలు నా చేతిలో చేపలా కొట్టుకుంది. ఏడుపు గట్టిగా వచ్చింది గానీ అందులో 'అమ్మా' లేదు. ఏ పిల్లవాడైనా నొప్పి పుడితే ఆ మాట అంటాడు. నేను దానికోసం వింటూ ఉన్నాను.

సాయంత్రం మావారిని వాడి దగ్గర ఉంచి బట్టల కోసం ఇంటికొచ్చాను. ఆ నెలలో తొమ్మిదింటి దాకా వెలుతురే. డాక్టరమ్మ ఇంకో మాట అడిగింది: అమ్మాయి కూడా ఆ నాణేలు ముట్టుకునేది కదా, వాటిల్లో ఇంకెన్ని ఇలాంటివో కనుక్కోండి అని. అందుకే పక్కింటికి వెళ్లాను. కోపంతోనే వెళ్లాను. ఏమని అడగాలో దారిలోనే సిద్ధం చేసుకున్నాను.

తలుపు తీసే ఉంది. పెద్దాయన వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. బల్ల అంచుకి మర తిప్పి బిగించే చిన్న పట్టకారు తగిలించి ఉంది. పక్కన ఆకురాయి, లోహం కోసే సన్న రంపం. ట్రేలన్నీ బయటికి తీసి ఉన్నాయి. పట్టకారులో ఒక్కొక్క నాణెం బిగించి అంచు నుంచి మధ్యదాకా కోస్తున్నారు. బల్ల మీద వెండి పొడి పిండిలా రాలి ఉంది.

నన్ను చూసి లేవలేదు. "ఇది మంచిదే" అన్నారు, సింహాన్ని నొక్కుతున్న వీరుణ్ని పట్టకారులోంచి తీసి పక్కన పెడుతూ. వీరుడి వీపూ, సింహం మెడా తెగిపోయి ఉన్నాయి. "ఇది కూడా." చెట్టు మీద కూర్చున్న అమ్మాయి. ఆవిడ మోకాళ్ల దాకా రంపం దిగింది. మంచివన్నీ ఒకవైపు పోగయ్యాయి. రెండోవైపు ఒక్కటే ఉంది, రెక్కల గుర్రం, లోపల బూడిదరంగు.

కంచు నాణెం తీసి బిగిస్తుంటే చూశాను. ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని పరిగెడుతున్న తల్లి.

"అది కంచు కదా. దాన్ని కొయ్యక్కర్లేదు" అన్నాను.

"తెలుసు" అన్నారు. కోశారు.

ఆ బిళ్ల ఎక్కడ కొన్నారని మాత్రం అడిగాను. ఆయన ఎడమచేతి వేలు తెగి రక్తం వస్తోంది, గుడ్డముక్క చుట్టుకుని పని చేస్తున్నారు. మోటెల్‌లో గది అద్దెకి తీసుకుని వారాంతం నాణేలు అమ్మే మనిషి దగ్గర కొన్నానని, ఆ మనిషి దగ్గర కొన్నవి మూడేనని చెప్పారు. ఒకటి మీవాడి మెడలోది, ఒకటి ఈ గుర్రం.

"మూడోది?"

రంపం ఆగింది. "డాల్ఫిన్ మీద కుర్రవాడు. వేసవికి బడి మూసేసిన రోజు మీ అమ్మాయికి ఇచ్చాను. వెండిది అనే అనుకున్నాను. మీరు ఇంత ఖరీదైనది వద్దంటారని, మనిద్దరి మధ్యే ఉంచమన్నాను."

ఇంటికి పరిగెత్తడానికి గుమ్మం వైపు తిరిగాను. ఆయన అప్పుడు లేచారు. "బాబు ఎలా ఉన్నాడు? నేనొచ్చి చూడొచ్చా?"

"వద్దు" అన్నాను.

"రేపు?"

"రేపు కూడా వద్దండీ. నేనిప్పుడేం చెప్పలేను."

ఆయన తల ఊపి కూర్చున్నారు. నేను మెట్లు దిగుతుంటే రంపం మళ్లీ మొదలైంది. ఆయన కావాలని చెయ్యలేదని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. అయినా ఆ 'వద్దు' వెనక్కి తీసుకోలేకపోయాను. తీసుకుందామనుకునేసరికి ఆయన ఇల్లు అమ్మేసి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు.

అమ్మాయి గదంతా వెతికాను. డాల్ఫిన్ నాణెం దాని దిండుగలీబులో, రిబ్బన్ల మధ్య దొరికింది. ఒకవైపు పూత మెరుస్తోంది. రెండోవైపు పూర్తిగా మసకబారి, కుర్రవాడి మొహం చదునైపోయింది. దాన్ని సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్లాను.

పొద్దున ఎనిమిదింటికి మావారు ఆంటీ ఇంటి నుంచి అమ్మాయిని తీసుకొచ్చారు. వాడు నా ఒళ్లో ఉన్నాడు, రెండు తొడలూ వాచి. అమ్మాయి మంచానికి దూరంగా గోడకి ఆనుకుని నిలబడింది.

"డాల్ఫిన్ నాణెం నేను తీసేశాను" అన్నాను.

"అది నాది! తాత నాకిచ్చారు. ఇట్స్ ఎ సీక్రెట్."

"తెలుసు, ఆయనే చెప్పారు. దాన్ని నోట్లో పెట్టుకునేదానివా?"

"నో." తండ్రి వైపు చూసింది. మళ్లీ నేల చూసింది.

"కోప్పడనమ్మా. డాక్టర్‌కి చెప్పాలి, అందుకు అడుగుతున్నా."

"పుస్తకం చదివేటప్పుడు... కొంచెం. చల్లగా ఉంటుంది."

మావారు కిటికీ వైపు తిరిగారు.

"తాత బ్యాడా అమ్మా?"

"కాదు. ఆయనకి తెలీదు. ఎవడో మోసం చేసి ఆయనకి అమ్మాడు. ఆయన మనకిచ్చారు. వెండి కదా అని నేను కట్టాను."

అది నెమ్మదిగా మంచం దాకా వచ్చి, కమ్మీల మధ్యలోంచి తమ్ముడి పాదం పట్టుకుంది. వాడు కాలు లాక్కోలేదు, తిరిగి చూడనూ లేదు.

"వీడు మళ్లీ అక్క అంటాడా?"

"తెలీదు" అన్నాను. "డాక్టర్‌కి కూడా తెలీదు. అన్నా అనకపోయినా నువ్వు రోజూ వీడితో మాట్లాడాలి. తెలుగులోనే మాట్లాడు. ఇంకాసేపట్లో నీ చేతికి సూది గుచ్చి రక్తం తీస్తారు. నొప్పి పుడుతుంది. ఆ తర్వాత వీడికి మళ్లీ ఇంజెక్షన్ చేస్తారు, వీడికి ఇంకా ఎక్కువ నొప్పి. ఇద్దరినీ నేనే పట్టుకుంటాను. ఏడుపొస్తే ఏడువు, పర్లేదు."

తర్వాత వాడి మొహం నా వైపు తిప్పుకుని, అర్థమవుతుందో లేదో తెలియకపోయినా, అదే మాట వాడి భాషలో చెప్పాను. "నాన్నా, సూది వస్తుంది. అబ్బో, చాలా నొప్పి. అమ్మ ఇక్కడే ఉంది."